మూత తీయగానే కెర్నల్ క్రాష్: రిజ్యూమ్‌లో పడే డ్రైవర్‌ని పట్టుకోవడం ఎలా? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: సార్, నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ వాడుతున్నాను. కెర్నల్ అప్‌డేట్ చేసినప్పటి నుంచి ఒక సమస్య మొదలైంది. మూత వేసి కాసేపయ్యాక తీస్తే ఒక్కోసారి మామూలుగానే వస్తుంది, ఒక్కోసారి నల్ల స్క్రీన్, ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, క్యాప్స్ లాక్ లైటు కొట్టుకుంటుంది, ఇంకేం పనిచేయదు, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయడమే. మళ్లీ ఆన్ చేసి లాగ్ చూస్తే సస్పెండ్ అవుతున్నట్టు ఒక లైన్ కనబడుతుంది, దాని తర్వాత ఏమీ ఉండదు. వైఫై డ్రైవర్ మీద అనుమానం, ఎందుకంటే బాగా లేచినప్పుడు కూడా కొన్నిసార్లు వైఫై రాదు. సీ లాంగ్వేజ్ కొంచెం వచ్చు, మాడ్యూల్ కంపైల్ చేసుకోగలను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: క్యాప్స్ లాక్ లైటు కొట్టుకుంటోందని రాశారు చూడండి, అది చాలా పనికొచ్చే వివరం. పాత రకం కీబోర్డ్ కంట్రోలర్ ఉన్న మెషీన్లలో (ఇప్పటికీ చాలా ల్యాప్‌టాప్‌ల లోపలి కీబోర్డ్ అదే) కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగం) ప్యానిక్ అయితే, అంటే తేరుకోలేని తప్పు వచ్చి ఆగిపోతే, ఆ లైట్లని కావాలనే అలా కొట్టిస్తుంది. అంటే మీ సీపీయూ లేచింది, కెర్నల్ చేతికి కంట్రోల్ వచ్చింది, నడుస్తూ నడుస్తూ ఎక్కడో పడింది, పడ్డానని దానికి తెలిసింది కూడా. లైటు కొట్టుకోకుండా అంతా చల్లబడిపోయి ఉంటే మాత్రం వేరే దారిలో వెతకాలి, బయోస్ దగ్గరే ఆగిపోయిందనో ఏదో డ్రైవర్ ఒక లాక్ కోసం ఎదురుచూస్తూ కూర్చుండిపోయిందనో అనుకోవాలి. మీది మొదటి రకం, అందులో ఏదో ఒక మెసేజ్ ప్రింట్ అయ్యే ఉంటుంది, అది మీ దాకా రావట్లేదు అంతే.

ఎందుకు రావట్లేదంటే, సస్పెండ్ (మెషీన్ పడుకోవడం) మొదలవగానే కెర్నల్ ముందు యూజర్ ప్రోగ్రాములన్నిటినీ ఫ్రీజ్ చేస్తుంది, లాగ్‌ని డిస్క్‌లో రాసే జర్నల్ డీమన్ కూడా అందులోదే, డివైస్‌లన్నీ రిజ్యూమ్ అయ్యాకే (మళ్లీ లేచాకే) దాన్ని మళ్లీ వదులుతుంది. మీ క్రాష్ ఆ మధ్యలో జరుగుతోంది. మెసేజ్ ర్యామ్‌లోనే ఉంది, మీరు పవర్ బటన్ నొక్కి పట్టుకున్న క్షణంలో పోతోంది. కాబట్టి డ్రైవర్ కోడ్ తెరవడం కన్నా ముందు ఆ మెసేజ్‌ని కాపాడుకునే ఏర్పాటు చేసుకోండి, అది లేకుండా ఎంత వెతికినా చీకట్లో తడుముకోవడమే.

దానికి పీస్టోర్ అని ఒక సదుపాయం ఉంది. యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్) మెషీన్ అయితే కెర్నల్ పడిపోయే ముందు లాగ్ చివరి భాగాన్ని ఫర్మ్‌వేర్ వేరియబుల్స్‌లో రాసిపెడుతుంది, తర్వాతి బూట్‌లో సిస్ ఫైల్‌సిస్టమ్ కింద పీస్టోర్ డైరెక్టరీలో కనబడుతుంది, సిస్టమ్‌డీ (సర్వీసులు నడిపే ప్రోగ్రాం) ఉంటే దాన్ని అక్కడి నుంచి తీసి వార్ కింద లిబ్‌లో ఉన్న సిస్టమ్‌డీ డైరెక్టరీలోకి మారుస్తుంది, రెండు చోట్లా చూడండి. కొన్ని డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ఇది డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది, బూట్ పారామీటర్‌తో ఆన్ చేసుకోవాలి. ఇంకోటి ర్యామూప్స్, ఇది ర్యామ్‌లోనే కొంత చోటు పక్కన పెట్టుకుని అక్కడ రాస్తుంది, కాకపోతే పవర్ పూర్తిగా తీసేస్తే అదీ పోతుంది, అందుకని ప్యానిక్ అయితే 10 సెకన్లకి దానంతట అదే రీబూట్ అయ్యేలా బూట్ లైన్‌లో ప్యానిక్ ఈక్వల్స్ 10 అని పెట్టి, చేయి పవర్ బటన్ మీదికి పోకుండా ఆగండి. నో కన్సోల్ సస్పెండ్ అనే పారామీటర్ కూడా కలపండి, సస్పెండ్ జరిగేటప్పుడు కన్సోల్‌ని ఆపొద్దని దానర్థం, అదృష్టం బాగుంటే స్క్రీన్ మీదే మెసేజ్ కనబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. నెట్‌కన్సోల్ అని నెట్‌వర్క్ మీదుగా ఇంకో మెషీన్‌కి లాగ్ పంపే పద్ధతి చాలామంది చెప్తారు, మామూలు క్రాష్‌లకి అది చాలా మంచిది కానీ రిజ్యూమ్ మధ్యలో నెట్‌వర్క్ కార్డే ఇంకా లేచి ఉండదు కదా, మీ కేసులో దాని మీద టైం పెట్టకండి.

తర్వాతి పని క్రాష్‌ని మీరు అడిగినప్పుడు రప్పించడం. మూత వేసి తీసి వేసి తీసి కూర్చోకుండా ఆర్‌టీసీవేక్ అనే కమాండ్ వాడండి, 30 సెకన్లు మెమ్ మోడ్‌లో పడుకుని నీ అంతట నువ్వే లేవమని చెప్పొచ్చు, ఒక చిన్న షెల్ లూప్‌లో పెట్టి వదిలేస్తే అదే పడుకుని లేస్తూ ఉంటుంది. ముందుగా సిస్ ఫైల్‌సిస్టమ్ కింద పవర్ డైరెక్టరీలో మెమ్ స్లీప్ అనే ఫైల్ చూడండి, డీప్ అని బ్రాకెట్లో ఉంటే పాత ఎస్3 సస్పెండ్, ఎస్2ఐడిల్ అని ఉంటే కొత్త రకం, ఇందులో మెషీన్ పూర్తిగా ఆగదు, సీపీయూలు ఖాళీగా ఉంటాయి అంతే. క్రాష్ రెండిట్లోనూ వస్తోందా ఒకదాంట్లోనేనా అన్నది తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గినట్టే.

ఇక అసలైన పనిముట్టు పీఎం టెస్ట్. ఇది అదే పవర్ డైరెక్టరీలో ఒక ఫైల్, పీఎం డీబగ్ ఆప్షన్‌తో బిల్డ్ చేసిన కెర్నల్‌లో ఉంటుంది. ఇందులో ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని ఐదు మెట్లు. ఏదో ఒకటి రాసి సస్పెండ్ చేయమంటే కెర్నల్ ఆ మెట్టు దాకా మాత్రమే వెళ్లి, 5 సెకన్లు ఆగి, వెనక్కి వచ్చేస్తుంది, మెషీన్ నిజంగా పడుకోదు. ఫ్రీజర్ నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ ఎక్కుతూ వెళ్లండి. డివైసెస్ దగ్గరే పడితే సంతోషించండి, ఎందుకంటే బయోస్ ప్రమేయం లేదు, తప్పు పూర్తిగా డ్రైవర్ సస్పెండ్ రిజ్యూమ్ ఫంక్షన్లలో ఉంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది, డివైసెస్ మెట్టులో సస్పెండ్ లేట్, సస్పెండ్ నో ఐఆర్‌క్యూ (ఐఆర్‌క్యూ అంటే ఇంటరప్ట్, డివైస్ సీపీయూని పిలిచే సంకేతం) అనే చివరి రెండు దశలు నడవవు, అవి ప్లాట్‌ఫామ్ మెట్టులో నడుస్తాయి, పీసీఐ కార్డుల పవర్‌ని తగ్గించే పని మామూలుగా ఆ నో ఐఆర్‌క్యూ దశలోనే జరుగుతుంది. కాబట్టి డివైసెస్ పాసై ప్లాట్‌ఫామ్‌లో పడితే మీ కార్డ్ పవర్ పోయాక దాన్ని ఎవరో ముట్టుకుంటున్నారని గట్టిగా అనుమానించొచ్చు. అన్ని మెట్లూ పాసై నిజమైన సస్పెండ్‌లోనే పడితే, పవర్ నిజంగా పోయి కార్డ్ లోపలి రిజిస్టర్లన్నీ చెరిగిపోయాయి, డ్రైవర్ మాత్రం అవి పాత విలువలతోనే ఉన్నాయనుకుంటోంది అని మొదట అనుమానించండి.

ఏ డివైస్ అన్నది తేలడానికి అదే పవర్ డైరెక్టరీలో ఉన్న పీఎం అసింక్ ఫైల్‌లో 0 రాయండి, దాంతో డివైస్‌లు సమాంతరంగా కాకుండా ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి, పీఎం ప్రింట్ టైమ్స్‌లో 1 రాస్తే ఒక్కో డివైస్ ఫంక్షన్‌లోకి వెళ్లినప్పుడూ బయటికొచ్చినప్పుడూ ఒక లైన్ పడుతుంది, వెళ్లినట్టుండి బయటికి రానిదే మీ ముద్దాయి (కనీసం మొదటి ముద్దాయి). ఒక్క హెచ్చరిక, అసింక్ ఆపగానే క్రాష్ మాయమైతే సమస్య పోయిందనుకోకండి, రెండు డివైస్‌ల మధ్య ఎవరు ముందు లేవాలన్న తగాదా ఉందని అర్థం, అది కూడా మంచి ఆధారమే.

పీస్టోర్‌లో కూడా ఏమీ దొరకని మెషీన్ అయితే చివరి ఆయుధం పీఎం ట్రేస్. ర్యామ్ పోయినా బతికుండేది రియల్ టైమ్ క్లాక్ ఒక్కటే కాబట్టి కెర్నల్ ఎక్కడిదాకా వచ్చిందో ఒక హ్యాష్‌గా (చిన్న గుర్తు సంఖ్యగా) మార్చి ఆ గడియారంలోనే తేదీ, టైంలా రాసేస్తుంది! క్రాష్ తర్వాత ఆలస్యం చేయకుండా 3 నిమిషాల్లోపే రీబూట్ చేయాలి, లేకపోతే గడియారం ముందుకు నడిచి ఆ విలువ మారిపోతుంది. డీమెస్గ్‌లో (కెర్నల్ మెసేజ్‌లు చూపించే కమాండ్) మ్యాజిక్ నంబర్, దాని కింద హ్యాష్ మ్యాచెస్ అని డివైస్ పేరు కనబడతాయి. హ్యాష్ చిన్నది కాబట్టి సంబంధం లేని డివైస్ కూడా కలవొచ్చు, ఒక్కసారి చూసి తీర్పు ఇచ్చేయకండి. సిస్టమ్ టైం తప్పుగా చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు, మళ్లీ సెట్ చేసుకోండి.

అప్‌డేట్ తర్వాతే మొదలైందన్నారు కాబట్టి పాత కెర్నల్‌తో బూట్ చేసి అదే లూప్ నడిపి చూడండి. అది నిజంగా బాగుంటే గిట్ బైసెక్ట్ (తప్పు తెచ్చిన మార్పుని సగాలు చేస్తూ వెతికే పద్ధతి) మీ చేతిలో ఉంది, ఒక వెర్షన్‌కీ తర్వాతి వెర్షన్‌కీ మధ్య పన్నెండు పదిహేను వేల కమిట్లు (కోడ్ మార్పులు) ఉన్నా ప్రతిసారీ సగానికి తెగుతాయి కాబట్టి 14 బిల్డ్‌ల దగ్గర తేలిపోతుంది. మీ క్రాష్ ప్రతిసారీ రాదు, ఒక్కోసారే వస్తుంది, అదొక్కటే ఇక్కడ ప్రమాదం. రెండుసార్లు పడుకుని లేచింది కదా అని ఒక కమిట్‌కి గుడ్ అని చెప్పేస్తే ఆ తర్వాత బైసెక్ట్ మొత్తం తప్పు దారిలో పోతుంది, అందుకే ఒక్కో మెట్టు దగ్గరా లూప్‌ని చాలాసేపు నడవనివ్వండి.

ప్రశ్న: పీస్టోర్‌లో ఊప్స్ మెసేజ్ దొరికింది కానీ నిండా నంబర్లే, ఏది చూడాలో ఏది వదిలేయాలో అర్థం కావట్లేదు. కొంచెం చెప్తారా?

జవాబు: ఊప్స్ అంటే కెర్నల్ తనలో వచ్చిన తప్పు గురించి రాసే రిపోర్ట్. అందులో పైన మొదటి లైన్ చూడండి. నల్ పాయింటర్ డీరిఫరెన్స్ అని ఉండి అడ్రస్ 18 లాంటి చిన్న సంఖ్య అయితే ఒక స్ట్రక్చర్ పాయింటర్ ఖాళీగా ఉంది, దానిలో హెక్సాలో 18వ ఆఫ్‌సెట్ దగ్గరున్న ఫీల్డ్‌ని ఎవరో చదవబోయారు, పాహోల్ అనే టూల్ ఆ ఆఫ్‌సెట్‌లో ఏ ఫీల్డ్ ఉందో చూపిస్తుంది. తర్వాత ఆర్‌ఐపీ లైన్ (పడినప్పుడు సీపీయూ నడుపుతున్న చోటు), అక్కడ ఫంక్షన్ పేరు, ప్లస్ గుర్తు, రెండు సంఖ్యలు ఉంటాయి, మొదటిది ఫంక్షన్ లోపల ఎన్ని బైట్ల దగ్గర పడిందో, రెండోది ఫంక్షన్ మొత్తం పొడవు. కెర్నల్ సోర్స్‌లో స్క్రిప్ట్స్ డైరెక్టరీలో డీకోడ్ స్టాక్‌ట్రేస్ అనే స్క్రిప్ట్ ఉంది, డీబగ్ ఇన్ఫోతో బిల్డ్ చేసిన అదే కెర్నల్ ఇమేజ్‌ని దానికి ఇస్తే ఫైల్ పేరు, లైన్ నంబర్ వచ్చేస్తాయి. అదే బిల్డ్ అన్న మాట గట్టిగా పట్టుకోండి, మళ్లీ కంపైల్ చేసిన వేరే ఇమేజ్ ఇస్తే తప్పు లైన్లు చూపిస్తుంది, వాటిని నమ్మి రోజంతా తిరుగుతారు. కాల్ ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరసలో) ముందు ప్రశ్నార్థకం ఉన్న పేర్లు స్టాక్‌లో మిగిలిపోయిన పాత చెత్త అయుండొచ్చు, మొదటిసారి చదివేటప్పుడు వాటిని దాటేయండి.

సీపీయూ రిజిస్టర్ల వరస కూడా ఒకసారి తప్పకుండా చూడండి, అందులో మాట్లాడే విలువలు కొన్ని ఉంటాయి. స్లబ్ డీబగ్‌లో పాయిజన్ (ఫ్రీ చేసిన మెమరీని ఒక గుర్తుతో నింపే ఆప్షన్) ఆన్ చేసి ఉన్నప్పుడు ఏదైనా రిజిస్టర్‌లో 6బీ 6బీ 6బీ అని వరసగా కనబడితే అది ఫ్రీ చేసేసిన మెమరీ, దాన్ని ఇంకా ఎవరో వాడుతున్నారు, 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్ల మీద ఇది పేజ్ ఫాల్ట్‌లా కాకుండా జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ అని వస్తుంది. డెడ్ అనే హెక్సా అక్షరాలతో మొదలై చివర 100 లేదా 122 ఉంటే లిస్ట్ నుంచి తీసేసిన ఎంట్రీని మళ్లీ ముట్టుకున్నారు. 32 బిట్ విలువలో అన్నీ ఎఫ్‌లే ఉంటే, రిజ్యూమ్ కేసుల్లో నేను మొదట వెతికేది ఇదే, కార్డ్ పవర్ లేని స్థితిలో ఉండగా దాని రిజిస్టర్ చదివారు, జవాబు ఇచ్చేవాళ్లు లేక బస్ అన్నీ ఒకట్లు తిరిగిచ్చింది. 6బీ కనబడిన కేసుల్లో వీలైతే కేఏశాన్ అనే మెమరీ తప్పులు పట్టే టూల్‌తో కెర్నల్ బిల్డ్ చేసుకోండి, నెమ్మదిగా నడుస్తుంది కానీ ఆ మెమరీని ఎవరు తీసుకున్నారు, ఎవరు ఫ్రీ చేశారు, ఆ తర్వాత ఎవరు ముట్టుకున్నారు అని మూడు ట్రేస్‌లూ పక్కపక్కనే పెట్టి ఇస్తుంది.

ప్రశ్న: మా డ్రైవర్‌లో రిజ్యూమ్ తర్వాత ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో నల్ పాయింటర్ క్రాష్ వచ్చేది. ఒక ఇఫ్ పెట్టి పాయింటర్ నల్ అయితే వెనక్కి వెళ్లిపోమన్నాను, క్రాష్ ఆగిపోయింది. ఇది సరిపోతుంది కదా?

జవాబు: సరిపోదండీ. క్రాష్ ఆగింది, కారణం అలాగే ఉంది. ఆ పాయింటర్ ఆ సమయంలో ఎందుకు నల్ అయింది, ఆ సమయంలో హ్యాండ్లర్ ఎందుకు నడిచింది, ఈ రెండు ప్రశ్నలకి మీ ఇఫ్ జవాబు చెప్పట్లేదు. రేపు అదే సందులో పాయింటర్ నల్ కాకుండా పాత అడ్రస్‌తో ఉండిపోతే అప్పుడు క్రాష్ కూడా రాదు, నిశ్శబ్దంగా ఎవరిదో మెమరీ పాడవుతుంది, దాన్ని పట్టుకోవడం ఇప్పటికన్నా ఎన్నో రెట్లు కష్టం.

రిజ్యూమ్‌లో కనబడే తప్పుల్లో చాలావరకు సస్పెండ్ ఫంక్షన్‌లో చేయాల్సింది చేయకపోవడం వల్ల వస్తాయి. కుళాయి తిప్పి ఉంచి ఇంటికి తాళం వేసుకుని వెళ్తే ఆ సంగతి తెలిసేది తిరిగొచ్చి తలుపు తీసినప్పుడే కదా, అలాంటిది. అందుకే కాల్ ట్రేస్‌లో రిజ్యూమ్ అని కనబడినా సరే నేను ముందు సస్పెండ్ ఫంక్షన్ తెరిచి చదువుతాను, అక్కడ ఏం ఆపారు, ఏం ఆపకుండా వదిలేశారు అని ఒక్కొక్కటీ చూస్తాను.

మీ కేసులో వరస ఇలా జరిగి ఉండొచ్చు. సస్పెండ్ ఫంక్షన్ బఫర్లని ఫ్రీ చేసి పాయింటర్‌ని నల్ చేసింది, ఇంటరప్ట్‌ని మాత్రం వదిలేసింది. కెర్నల్ ఎలాగూ ఇంటరప్ట్‌లు ఆపుతుంది కదా అంటారేమో, ఆపుతుంది కానీ సస్పెండ్ లేట్ దశ అయ్యాక, నో ఐఆర్‌క్యూ దశకి ముందు ఆపుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఇంకా ముఖ్యం, రిజ్యూమ్ నో ఐఆర్‌క్యూ అవగానే ఇంటరప్ట్‌లు తెరుచుకుంటాయి, ఆ తర్వాత రిజ్యూమ్ ఎర్లీ, ఆ తర్వాతే మీ రిజ్యూమ్ ఫంక్షన్. అంటే మీరు బఫర్లు మళ్లీ తయారుచేసుకోకముందే హ్యాండ్లర్ నడిచే సందు ఉంది. పైగా ఇంటరప్ట్ లైన్ ఇంకో కార్డ్‌తో షేర్ అవుతుంటే మీ కార్డ్ ఏమీ పంపకపోయినా పక్క కార్డ్ కోసం మీ హ్యాండ్లర్‌ని కూడా పిలుస్తారు, అది వెళ్లి స్టేటస్ రిజిస్టర్ చదువుతుంది, కార్డ్‌కి పవర్ లేదు కాబట్టి అన్నీ ఎఫ్‌లు వస్తాయి, అన్ని బిట్లూ 1 కాబట్టి ప్యాకెట్ వచ్చింది, ఎర్రర్ వచ్చింది, అన్నీ వచ్చాయి అనుకుని రింగ్‌లోకి (ప్యాకెట్ బఫర్ల వరసలోకి) పోతుంది. ఆ రింగ్ ఇండెక్స్ కూడా మాస్క్ చేయకుండా కార్డ్ నుంచే తీసుకుంటుంటే 256 ఎంట్రీల అర్రేలో నాలుగు వందల కోట్ల పైచిలుకు ఇండెక్స్ అడిగినట్టవుతుంది.

కాబట్టి సస్పెండ్‌లో వరస ముఖ్యం. ముందు కొత్త పని రాకుండా తలుపు మూయాలి, నెట్‌వర్క్ డ్రైవర్ అయితే నెట్ ఇఫ్ డివైస్ డిటాచ్. తర్వాత కార్డ్‌లో ఇంటరప్ట్‌లని మాస్క్ చేసి, సింక్రనైజ్ ఐఆర్‌క్యూ పిలిచి, అప్పటికే నడుస్తున్న హ్యాండ్లర్ పూర్తయ్యేదాకా ఆగాలి, లైన్ షేర్ అవ్వకపోతే డిసేబుల్ ఐఆర్‌క్యూ ఒక్కటే ఆ రెండూ చేస్తుంది. తర్వాత వర్క్ క్యూలు, టైమర్లు, సింక్ అని చివర ఉన్న ఫంక్షన్లతోనే ఆపాలి, మామూలు క్యాన్సిల్ అయితే ఇంకో సీపీయూ మీద నడుస్తున్నది నడుస్తూనే ఉంటుంది. తనని తానే మళ్లీ షెడ్యూల్ చేసుకునే టైమర్, వర్క్ జంట ఉంటే రెండింతలు జాగ్రత్త, వర్క్‌ని ఆపగానే టైమర్ దాన్ని మళ్లీ లేపుతుంది, అందుకే ఆగిపోయాం అని ఒక ఫ్లాగ్ పెట్టి, రెండూ దాన్ని చూసుకునేలా చేయాలి. డీఎంఏ (కార్డ్ నేరుగా ర్యామ్‌ని చదవడం, రాయడం) ఆపాక, ఇంకెవరూ వాడట్లేదని రూఢి అయ్యాక అప్పుడు బఫర్ల సంగతి. నిజానికి సస్పెండ్‌లో బఫర్లని ఫ్రీ చేయకుండా ఉంచేసుకోవడమే మేలని నా అభిప్రాయం, ర్యామ్ ఎక్కడికీ పోదు, లేచే టైంలో మెమరీ దొరకలేదనే ఇంకో ఫెయిల్యూర్‌ని మనమే తెచ్చుకోవడం ఎందుకు. ఇవన్నీ చేశాక హ్యాండ్లర్ మొదట్లో అన్నీ ఎఫ్‌లు వస్తే నాది కాదని ఐఆర్‌క్యూ నన్ తిరిగిచ్చే చెక్ పెట్టండి, అది అక్కడ సరైన చెక్, పీసీఐ కార్డ్‌ని నడుస్తుండగా ఊడదీసినా కాపాడుతుంది.

ప్రశ్న: మాది విండోస్. స్లీప్ నుంచి లేచేటప్పుడు నీలం స్క్రీన్, డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అని వస్తోంది. ఇదీ ఇలాంటిదేనా?

జవాబు: కుటుంబం ఒకటే. దాని కోడ్ 9ఎఫ్, ఏదో డ్రైవర్ పవర్ రిక్వెస్ట్ తీసుకుని పూర్తి చేయకుండా అట్టే పెట్టుకుందని మామూలు అర్థం. మినీడంప్ ఫైల్‌ని (క్రాష్ అప్పటి వివరాల నకలు) విన్‌డీబగ్ అనే టూల్‌లో తెరిచి ఎనలైజ్ కమాండ్ ఇవ్వండి. మొదటి పారామీటర్ 3 అయితే నాలుగో పారామీటర్‌లో ఉన్నది ఆగిపోయిన ఐఆర్‌పీ (ఆ రిక్వెస్ట్ ప్యాకెట్) అడ్రస్, దాన్ని ఐఆర్‌పీ కమాండ్‌కి ఇస్తే ఆ సమయంలో అది ఎవరి చేతిలో ఉందో డ్రైవర్ పేరుతో సహా తెలుస్తుంది. డ్రైవర్ వెరిఫైయర్ (డ్రైవర్లని గట్టిగా పరీక్షించే విండోస్ టూల్) మంచిదే కానీ బూట్ దగ్గరే క్రాష్ అవుతూ ఉండిపోయే ప్రమాదం ఉంది, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి రీసెట్ చేయడం తెలుసుకున్నాకే ఆన్ చేయండి, అనుమానం ఉన్న డ్రైవర్లనే ఎంచుకోండి.

ప్రశ్న: సోర్స్ మార్చేంత సీన్ నాకు లేదు సార్. వైఫై డ్రైవరే అని తేలింది. అది బాగయ్యేదాకా ఎలా నెట్టుకురావాలి, ఎవరికి చెప్పాలి?

జవాబు: డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంటే సస్పెండ్‌కి ముందు తీసేసి లేచాక మళ్లీ ఎక్కించడం ఒక దారి. సిస్టమ్‌డీ కింద సిస్టమ్ స్లీప్ అనే డైరెక్టరీలో చిన్న స్క్రిప్ట్ పెడితే పడుకునే ముందు ప్రీ అని, లేచాక పోస్ట్ అని ఆర్గ్యుమెంట్ ఇచ్చి పిలుస్తుంది, ప్రీలో మోడ్‌ప్రోబ్ మైనస్ ఆర్‌తో తీసేయండి, పోస్ట్‌లో మామూలు మోడ్‌ప్రోబ్. తీసేటప్పుడే క్రాష్ అవుతుంటే ఆ దారి మూసుకున్నట్టే, పాత కెర్నల్‌లో ఉండిపోండి. బయోస్ అప్‌డేట్ ఉంటే అదీ చేసి చూడండి, పవర్ ఇచ్చే తీసే పనిలో కొంత భాగం బయోస్ ఇచ్చే ఏసీపీఐ టేబుల్స్‌లోనే ఉంటుంది.

చెప్పడం మాత్రం మానకండి, ఎందుకంటే డ్రైవర్ రాసేవాళ్ల దగ్గర మీ మోడల్ మెషీన్ ఉండకపోవచ్చు, మీరు చెప్తేనే వాళ్లకి తెలుస్తుంది. కెర్నల్ సోర్స్‌లో గెట్ మెయింటైనర్ స్క్రిప్ట్‌కి డ్రైవర్ ఫైల్ పేరు ఇస్తే ఎవరికి రాయాలో వస్తుంది. కెర్నల్ వెర్షన్, ఆఖరుగా బాగా పనిచేసిన వెర్షన్, డీప్‌లోనా ఎస్2ఐడిల్‌లోనా, పీఎం టెస్ట్ ఏ మెట్టు దగ్గర పడింది, కత్తిరించని పూర్తి లాగ్, ఇవి రాయండి. లాగ్‌లో టెయింటెడ్ అని ఉండి పక్కన పీ లేదా ఓ అక్షరం ఉంటే క్లోజ్డ్ సోర్స్ మాడ్యూలో కెర్నల్ బయటి మాడ్యూలో లోడ్ అయి ఉందని అర్థం, అది లేకుండా ఒకసారి క్రాష్ రప్పించి ఆ లాగ్ పంపితే జవాబు వచ్చే అవకాశం చాలా పెరుగుతుంది. వాళ్లు ప్యాచ్ (కోడ్ సవరణ) పంపి చూడమంటే ముందు ఆ స్లీప్ స్క్రిప్ట్ తీసేయడం మర్చిపోకండి, తీయకుండా టెస్ట్ చేస్తే ప్యాచ్ పనిచేసినా చేయకపోయినా ఒకేలా కనబడుతుంది. తీసేశాక ఆర్‌టీసీవేక్ లూప్‌ని రాత్రంతా నడిపి ఫలితం అదే మెయిల్‌కి జవాబుగా రాయండి, మీకు ఇష్టమైతే ప్యాచ్ కింద టెస్టెడ్ బై అని మీ పేరు వేసుకుంటారు.